ఎరువు వేయని మడి: సర్ జాన్ బెన్నెట్ లాస్ జీవితం, కృషి

దుక్కిలో వేసే సింగిల్ సూపర్ ఫాస్ఫేటును ఎరుగని రైతు మనలో అరుదు. బూడిద రంగు పొడిగానో గుళికలుగానో బస్తాలలో వస్తుంది. బస్తా విప్పితే కొంచెం పుల్లని వాసన కొడుతుంది. వేరుశనగ రైతుకు, పప్పుధాన్యాల రైతుకు ఇది చిరకాలపు నేస్తం. అయితే ఈ ఎరువును మొట్టమొదట పేటెంటు తీసుకొని, కర్మాగారంలో తయారుచేసి, రైతులకు అమ్మిన మనిషి ఎవరు? ఆ పొడి పుట్టుక ఎలాంటిది? ఈ సంగతులు మన గ్రామాలలో తెలిసినవారు తక్కువ.

ఆయన పేరు సర్ జాన్ బెన్నెట్ లాస్. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు దేశస్థుడు, రసాయన శాస్త్రంలో కృషి చేసిన భూస్వామి. ఎరువు అమ్మి గొప్ప ధనవంతుడైన ఈయన తన సొంత పొలంలో ఒక మడికి మాత్రం ఏ ఎరువూ వేయకుండా వదలివేశారు. ఆ మడిలో 1843 లో మొదటిసారి గోధుమ విత్తారు. ఈనాటికీ ఆ మడికి చారెడు ఎరువు కూడా వేయకుండానే గోధుమ పండిస్తున్నారు. ఎరువుల వ్యాపారి ఎరువు వేయని మడిని ఎందుకు పోషించారు? దీనికి జవాబు తెలుసుకుంటే, ఈ సీజనులో మీరు ఎరువుకు పెట్టే ప్రతి రూపాయికీ లెక్క అడగటం మీకు చేతనవుతుంది.

పడకగదిలో ప్రయోగశాల

లండనుకు ఉత్తరంగా హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లా ఉన్నది. అందులో హార్పెండెన్ అనే ఊరి పక్కన రోథామ్‌స్టెడ్ అనే పాత జమీ ఉండేది. లాస్ ఆ ఇంటిలో 1814 డిసెంబరు 28 న జన్మించారు. ఎనిమిదేళ్ళు నిండకముందే, 1822 లో, తండ్రి పోయారు. తల్లి పెంపకంలో పెరిగి, ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోను చదివారు. పట్టా పుచ్చుకోకుండానే ఇంటికి వచ్చేశారు. 1834 లో, ఇరవై ఏళ్ళు కూడా నిండని వయసులో, సొంత సేద్యం చేతిలోకి తీసుకున్నారు. అది సుమారు 250 ఎకరాలు.

ఆయనకు చిన్ననాటి నుండి రసాయనాలంటే ప్రాణం. ఇంటిలోని ఒక మంచి పడకగదిని ప్రయోగశాలగా మార్చివేశారు. గసగసాల మొక్క, బెల్లడోనా వంటి మందు మొక్కలను పొలంలో పెంచి, వాటినుండి ఔషధ సారాన్ని తీసే పనిలో కొంతకాలం గడిపారు. ఇంతలో పొరుగు భూస్వామి లార్డ్ డేకర్ అడిగిన ఒక ప్రశ్న ఆయన దృష్టిని మందు మొక్కల నుండి పంటపొలానికి మళ్ళించింది.

ఎముకల పొడి ఒకచోట పనిచేసి మరొకచోట ఎందుకు చేయదు?

ఆ రోజుల్లో ఇంగ్లండులో పశువుల మేతకు టర్నిప్ అనే దుంపను విరివిగా వేసేవారు. దానికి ఎముకల పొడి మంచి ఎరువని పేరు. కాని ఒక పొలంలో ఎముకల పొడి వేస్తే దుంప బ్రహ్మాండంగా ఊరేది. మరొక పొలంలో అదే పొడి, అంతే మోతాదులో వేసినా ఏమీ పనిచేసేది కాదు. కారణమేమిటని లార్డ్ డేకర్ అడిగారు.

దీనిలోని కిటుకు ఇది. ఎముకలలో భాస్వరం సమృద్ధిగా ఉన్నది. కాని అది కాల్షియంతో గట్టిగా ముడివడి ఉన్నది. ఆ ముడి నీటిలో కరగదు. నేలలో పులుపు గుణం, అనగా ఆమ్ల గుణం, ఉన్నట్లయితే ముడి మెల్లమెల్లగా విడిపోయి భాస్వరం వేళ్ళకు అందుతుంది. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో ముడి విడిపోదు. పెట్టెలో ధాన్యం ఉన్నది గాని తాళం తీయలేక పస్తున్నట్లే మొక్క పరిస్థితి.

నేలలో ఆమ్ల గుణం లేకపోతే, ఎముకలకు ముందుగానే ఆమ్లాన్ని పట్టిస్తే ఎలా ఉంటుంది? లాస్ ఈ ఆలోచనతో ఎముకల మీద గంధకామ్లం పోశారు. గంధకామ్లం భాస్వరాన్ని పట్టుకొని ఉన్న మూడు పాళ్ళ కాల్షియంలో రెండు పాళ్ళను లాగివేసి జిప్సంగా మారుతుంది. ఒక పాలు కాల్షియంతో మిగిలిన భాస్వరం నీటిలో కరుగుతుంది. ఈ రెండింటి మిశ్రమమే సూపర్ ఫాస్ఫేటు. మీరు కొనే బస్తాలో భాస్వరంతోపాటు గంధకం, కాల్షియం ఎందుకు ఉన్నాయో ఇప్పుడు తెలిసింది గదా! తయారీలోనే జిప్సం అందులో పుట్టి కలిసిపోయింది.

లాస్ దీనిని నోటిమాటతో నమ్మలేదు. 1839 ప్రాంతంలో కుండీలలో మొక్కలు పెంచి చూశారు. 1840, 1841 సంవత్సరాలలో సొంత పొలంలో టర్నిప్ పైరుకు వేసి చూశారు. ఫలితం బాగున్నది. అప్పుడుగాని పేటెంటుకు దరఖాస్తు చేయలేదు. 1842 మే 23 న పేటెంటు వచ్చింది.

వ్యాపారం, వ్యాజ్యం

పెద్దింటి బిడ్డ ఎరువుల వ్యాపారంలోకి దిగటం ఆ దేశంలో ఆ రోజుల్లో గౌరవమనిపించుకునేది కాదు. స్నేహితులు వద్దన్నారు. లాస్ వినలేదు. 1842 డిసెంబరులో ఆయనకు వివాహమైంది. కొత్త దంపతులు విహారయాత్ర మానుకొని థేమ్స్ నదిలో పడవ ఎక్కి కర్మాగారానికి తగిన స్థలం వెతికారని చెప్పుకుంటారు. 1843 లో లండను నగరపు డెప్ట్‌ఫర్డ్ వద్ద కర్మాగారం మొదలైంది. ఆ సంవత్సరం జూలై 1 న ఒక తోటపని పత్రికలో ప్రకటన వేశారు. బుషెలు ఒకటికి నాలుగు షిల్లింగుల ఆరు పెన్నీలు వెల.

అయితే ఇక్కడ ఒక నిజం చెప్పుకోవలెను. ఎముకలకు ఆమ్లం పట్టించే ఊహ లాస్ ఒక్కరిదే కాదు. జర్మనీ దేశపు మహా రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1840 లో ప్రకటించిన గ్రంథంలో ఈ సూచన చేశారు. ఐర్లండులోని జేమ్స్ మర్రే అనే వైద్యునికి కూడా ఇదే విధమైన పేటెంటు అదే రోజున, అనగా 1842 మే 23 ననే వచ్చింది. లాస్ 1846 లో మర్రే పేటెంటును కొనివేశారు. తన పేటెంటును అతిక్రమించినవారి మీద కోర్టుకు వెళ్ళారు. కాని ఎముకల విషయం ఇతరులకు అంతకుముందే తెలిసినది గనుక, 1848 లో తన పేటెంటునుండి ఎముకలను తొలగించి, గనులలో దొరికే భాస్వరపు రాయికి మాత్రమే దానిని పరిమితం చేసుకున్నారు.

ఇది ఓటమివలె కనిపించినా, తరువాతి చరిత్రంతా ఆ రాయిమీదనే నడిచింది. లోకంలో ఎముకలు ఎన్ని దొరుకుతాయి? ఎకరాల లెక్కకు చాలవు. రాయి గుట్టలు గుట్టలుగా ఉన్నది. నేడు మన దేశంలో తయారయ్యే సూపర్ ఫాస్ఫేటు కూడా రాక్ ఫాస్ఫేటుకు గంధకామ్లం పట్టించి చేసినదే. పద్ధతి సూత్రం లాస్ నాటిదే.

వ్యాపారం పెరిగింది. 1857 లో బార్కింగ్ వద్ద మరింత పెద్ద కర్మాగారం పెట్టారు. లండనులో సిట్రిక్, టార్టారిక్ ఆమ్లాలను తయారుచేసే కర్మాగారం కూడా తరువాత ఆయన చేతికి వచ్చింది. ఇక్కడివరకు ఇది తెలివిగల వ్యాపారి కథ. కాని ఇటువంటి వ్యాపారులు ఎందరో ఉంటారు. లాస్‌ను ఈనాడు మనం తలచుకోవటానికి కారణం, లాభాలను ఆయన ఖర్చుపెట్టిన తీరు.

గిల్బర్ట్ రాక

కర్మాగారం పెట్టిన 1843 లోనే, జూన్ నెలలో, లాస్ ఒక యువ రసాయన శాస్త్రజ్ఞుని పనిలో పెట్టుకున్నారు. ఆయన జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్. 1817 లో హల్ పట్టణంలో పుట్టారు. బాల్యంలో తుపాకి ప్రమాదంలో ఒక కంటి చూపు పోయింది. అయినా పట్టుదలతో చదివి, జర్మనీలో లీబిగ్ వద్దనే శిష్యరికం చేసి, డాక్టరు పట్టం పొందారు.

లాస్ పొలం తెలిసినవారు. గిల్బర్ట్ తూకం తెలిసినవారు. ఒకరిది సూటిగా పనిలోకి దిగే స్వభావం, మరొకరిది అంకె తేడా వస్తే నిద్రపోని స్వభావం. ఈ ఇద్దరూ 57 సంవత్సరాలు కలిసి పనిచేశారు. పాత కొట్టం ఒకటి ప్రయోగశాల అయింది. ప్రతి పంటకు గింజ ఎంత, గడ్డి ఎంత అని తూచటం, వాటిని కాల్చి బూడిదలో ఏమున్నదో పరీక్షించటం, అన్నిటినీ పుస్తకానికి ఎక్కించటం వారి దినచర్య.

బ్రాడ్‌బాక్ పొలం

1843 శరదృతువులో బ్రాడ్‌బాక్ అనే పొలాన్ని పొడవాటి మళ్ళుగా విభజించి గోధుమ విత్తారు. ఒక మడికి ఏమీ వేయలేదు. ఒక మడికి ఎకరాకు 14 టన్నుల పశువుల ఎరువు వేశారు. మిగిలిన మళ్ళకు రసాయనిక ఎరువులను వేర్వేరుగాను, కలిపియు వేశారు. మరుసటి ఏడు మళ్ళీ అదే మడిలో అదే గోధుమ. ఆ మరుసటి ఏడూ అంతే. మొదటి కొన్నేళ్ళలో మార్పులు చేసినా, 1852 నుండి చాలా మళ్ళకు ఒకే ఎరువు ఏటేటా వేస్తూ వచ్చారు.

1852 నుండి 1902 వరకు వచ్చిన దిగుబడుల సగటును మన లెక్కలోకి మార్చి చెబుతాను. ఏ ఎరువూ వేయని మడి ఎకరాకు సుమారు 350 కిలోల గోధుమ ఇచ్చింది. పశువుల ఎరువు వేసిన మడి దాదాపు 970 కిలోలు ఇచ్చింది. సూపర్ ఫాస్ఫేటుతోపాటు పొటాష్ తదితర ఖనిజ లవణాలు వేసి, నత్రజని వేయని మడి సుమారు 400 కిలోలు మాత్రమే ఇచ్చింది. అవే ఖనిజాలకు ఎకరాకు 39 కిలోల నత్రజని కలిపిన మడి దాదాపు 900 కిలోలు ఇచ్చింది.

ఈ అంకెలను మరొకసారి చదవండి. సూపర్ ఫాస్ఫేటు వేసిన మడికి, ఏమీ వేయని మడికి తేడా ఎకరాకు 50 కిలోలు! సూపర్ ఫాస్ఫేటు అమ్ముకొని బ్రతికే మనిషి సొంత పొలంలో వచ్చిన ఫలితమిది. తన మజ్జిగ పులుపని ఎవరూ చెప్పుకోరని మనలో సామెత. లాస్ చెప్పుకున్నారు. గోధుమకు ముందుగా నత్రజని కావలెనని, నత్రజని లేనిదే భాస్వరం ఒక్కటే పెద్దగా ఉపకరించదని ఆయన, గిల్బర్ట్ కలిసి అచ్చువేసి లోకానికి చాటారు. పశువుల ఎరువు రసాయనిక ఎరువులతో సమానంగా నిలిచిందనికూడా దాచలేదు.

మరి సూపర్ ఫాస్ఫేటు వృథాయేనా? కాదు. అదే ఫారంలో టర్నిప్ దుంపకు సూపర్ ఫాస్ఫేటు బ్రహ్మాండమైన ఫలితమిచ్చింది. గోధుమకు నత్రజనితో కలిపి వేసినప్పుడు దాని పని అది చేసింది. ఏ పైరుకు, ఏ నేలలో, దేనితో కలిపి వేయాలో తెలియటమే అసలు విద్య. ఏమీ వేయని మడి పక్కన లేకపోతే ఈ విద్య వచ్చేది కాదు. ఎరువు వేసిన మడిని మాత్రమే చూసినవాడు పండిన పంటనంతా ఎరువుకే జమకడతాడు. నేల తనంతట తాను ఇచ్చిన పంట ఎంతో వాడికి తెలియదు.

గురువుతో వాదం

ఈ ఫలితాలు లీబిగ్‌కు నచ్చలేదు. మొక్కలు తమకు కావలసిన నత్రజనిని గాలిలోని అమ్మోనియానుండి తీసుకుంటాయని, రైతు ఖనిజ లవణాలు వేస్తే చాలునని లీబిగ్ వాదించారు. 1845 లో ఆయన పేరుతో ఒక ఎరువు బజారులోకి వచ్చింది. వానకు కొట్టుకుపోకుండా ఉండవలెనని దానిలోని లవణాలను కరిగించి గట్టిపరచారు. దానితో అవి నీటిలో కరగటమే మానివేశాయి. వేసిన రైతులకు ఫలితం రాలేదు.

లీబిగ్ గొప్ప శాస్త్రజ్ఞుడు. గిల్బర్ట్‌కు స్వయంగా గురువు. అయినా గురువుమాట కంటె పొలంలోని తూకమే ప్రమాణమని ఈ ఇద్దరూ నిలిచారు. ఏళ్ళ తరబడి పత్రికలలో వాదం సాగింది. గోధుమకు నత్రజని వేయవలసిందేనని చివరకు బ్రాడ్‌బాక్ మళ్ళే తీర్పు చెప్పాయి.

ఆ నత్రజని ఎక్కడికి పోతున్నదో కూడా వారు వెతికారు. 1849 లో ప్రతి మడి అడుగున మురుగునీటి గొట్టాలు వేశారు. తరువాత ఆ గొట్టాలనుండి వచ్చిన నీటిని పరీక్షిస్తే, పైరు పీల్చక ముందే వేసిన నత్రజనిలో చాలాభాగం నైట్రేటుగా మారి నీటివెంట పోతున్నదని తేలింది. భాస్వరం మాత్రం దాదాపు కదలలేదు, నేలలోనే ఉండిపోయింది. యూరియాను దఫాలుగా వేయండి, భాస్వరాన్ని దుక్కిలోనే వేయండి అని నేడు మేము చెప్పే మాటలకు మూలం ఇటువంటి పరిశీలనలలోనే ఉన్నది.

ఒక పొరపాటు

వారు పొరబడిన సందర్భంకూడా ఉన్నది. దానిని చెప్పకపోతే కథ సగమే అవుతుంది. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వాడుకుంటాయా అని 1857 ప్రాంతంలో, అమెరికానుండి వచ్చిన ఎవాన్ పగ్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి పరీక్ష చేశారు. మట్టిలో నత్రజని ఏమాత్రం ఉండకూడదని, మట్టిని బాగా కాల్చి, గాజు మూతల కింద మొక్కలు పెంచారు. మొక్కలు గాలి నత్రజనిని తీసుకోలేదు. తీసుకోవని వారు తేల్చారు.

నిజానికి మట్టిని కాల్చినప్పుడు అందులోని సూక్ష్మజీవులు చచ్చిపోయాయి. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెలలో ఉండి గాలి నత్రజనిని పట్టి ఇచ్చేవి ఆ జీవులే. ఈ రహస్యాన్ని జర్మనీలో హెల్‌రీగల్, విల్‌ఫార్త్ అనే వారు 1886 లో బయటపెట్టారు. వయసు మళ్ళిన లాస్, గిల్బర్ట్‌లు కోపగించుకోలేదు. కొత్త పద్ధతిలో తామే మళ్ళీ పరీక్ష చేసి, నిజమేనని ఒప్పుకొని ప్రకటించారు. నేడు వేరుశనగ, కంది, మినుము విత్తనాలకు రైజోబియం పట్టించి విత్తే మనం ఈ పాఠం గుర్తుంచుకోవలెను. అతి జాగ్రత్తగా చేసిన పరీక్షలో కూడా తెలియనిదేదో తప్పించుకోవచ్చు. మళ్ళీ చేసి చూడటానికి సిగ్గుపడకపోవటమే శాస్త్రం.

రైతులు కట్టించిన ప్రయోగశాల

ఈ పరిశోధనకు లాస్ ప్రభుత్వాన్ని పైసా అడగలేదు. అంతా కర్మాగారపు లాభంనుండే ఖర్చుచేశారు. ఇందుకు కృతజ్ఞతగా వ్యవసాయదారులు చందాలు వేసుకొని ఆయనకు ఒక కానుక ఇవ్వదలచారు. ప్రయోగశాల కట్టించండి, చాలునన్నారు ఆయన. 1855 లో ఆ భవనం ప్రారంభమైంది. ఊరిలోని కూలీలకు కూరగాయలు పండించుకొనేందుకు ఆయన చిన్న చిన్న తోట మళ్ళను ఇచ్చారు.

1854 లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1867 లో గిల్బర్ట్‌తో కలిపి ఆ సొసైటీ వారి పతకం, 1882 లో బారొనెట్ బిరుదు లాస్‌కు లభించాయి. 1872 లో ఎరువుల వ్యాపారాన్ని 3 లక్షల పౌండ్లకు అమ్మివేశారు. అందులో మూడోవంతును, అనగా లక్ష పౌండ్లను, తన తరువాతకూడా ప్రయోగాలు ఆగకూడదని ప్రత్యేకించారు. 1889 లో ఆ సొమ్ముతో ధర్మనిధి ఏర్పాటుచేశారు. 1900 ఆగస్టు 31 న, సొంత ఊరిలోనే, 85 వ ఏట కన్నుమూశారు. గిల్బర్ట్ మరుసటి ఏడు డిసెంబరులో పోయారు.

మనుషులు పోయినా మళ్ళు ఉన్నాయి. పాత పంటల గింజ, గడ్డి, మట్టి నమూనాలు సీసాలలో, డబ్బాలలో భద్రంగా ఉన్నాయి. నూరేళ్ళ కిందటి నేలలో ఏమున్నదో తెలుసుకొనుటకు నేటి శాస్త్రజ్ఞులు ఆ సీసాల మూతలు తీస్తున్నారు. లోకంలో ఇంత దీర్ఘకాలంగా సాగుతున్న పంట ప్రయోగం మరొకటి లేదు.

మనకు చేరిన దారులు

రోథామ్‌స్టెడ్ నీడ మన దేశంమీద కూడా పడింది. మురుగునీటిని పరీక్షించిన శాస్త్రజ్ఞులలో ఒకరైన వోల్కర్ కుమారుడు, జాన్ ఆగస్టస్ వోల్కర్, 1889 లో మన దేశానికి వచ్చి సేద్యాన్ని పరిశీలించి, 1893 లో నివేదిక ప్రకటించారు. పేడను పిడకలుగా కాల్చివేయటంవల్ల పొలానికి కలిగే నష్టాన్ని అందులో నొక్కి చెప్పారు. 1906 లో చిత్తూరు సరిహద్దుకు దగ్గరగా ఉన్న రాణిపేటలో సూపర్ ఫాస్ఫేటు కర్మాగారం వెలసింది. 1909 లో కోయంబత్తూరులో బ్రాడ్‌బాక్ తరహా శాశ్వత ఎరువుల మళ్ళు మొదలయ్యాయి. తెలంగాణలోని జగిత్యాలలో వరి మీద దీర్ఘకాల ఎరువుల ప్రయోగం 2000 సంవత్సరం నుండి జరుగుతున్నది.

మరొక సంగతి తెలుగువారికి ప్రత్యేకం. బ్రాడ్‌బాక్ అంకెల గుట్టను విశ్లేషించటానికి 1919 లో రోథామ్‌స్టెడ్ వారు ఆర్. ఎ. ఫిషర్ అనే యువకుని నియమించారు. పొలం ప్రయోగాలను ఎలా అమర్చాలి, తేడా నిజమైనదా కాకతాళీయమా ఎలా తేల్చాలి అనే శాస్త్రం అక్కడ రూపుదిద్దుకున్నది. ఆ ఫిషర్ వద్దనే తరువాత కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు.

మనం చేయవలసినది

ఇక మన పొలానికి వద్దాం. 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు బస్తాలో 8 కిలోల భాస్వరం, సుమారు ఐదున్నర కిలోల గంధకం ఉంటాయి. అదే బరువు డి.ఎ.పి. బస్తాలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని ఉంటాయి, గంధకం ఉండదు. కావున మూడు బస్తాల సూపర్, ఒక బస్తా డి.ఎ.పి. భాస్వరంలో ఇంచుమించు సమానం. కొనేటప్పుడు బస్తా వెల కాక, కిలో భాస్వరం వెల కట్టి చూడండి. వేరుశనగ, నువ్వు వంటి నూనెగింజలకు గంధకం కూడా కావలెను గనుక సూపర్ విలువను అందుకు తగినట్లు ఎక్కువగా లెక్కించండి.

భాస్వరం నేలలో కదలదని బ్రాడ్‌బాక్ గొట్టాలు చెప్పాయి. దీనినుండి రెండు నియమాలు వస్తాయి. మొదటిది, భాస్వరాన్ని పైపాటుగా చల్లక, ఆఖరి దుక్కిలో, వేరు అందుకొనే లోతున వేయవలెను. రెండవది, ఏటా వేసినది ఏటా పోదు. పైరు తీసుకోగా మిగిలినది నేలలో పోగవుతుంది. ఏళ్ళ తరబడి డి.ఎ.పి., కాంప్లెక్స్ ఎరువులు వేసిన చాలా పొలాలలో భాస్వరం ఇప్పటికే నిల్వ ఉన్నది. మట్టి పరీక్షలో భాస్వరం ఎక్కువని వచ్చినట్లయితే మోతాదు తగ్గించుకోవచ్చు. అలవాటు కొద్దీ వేసే బస్తా పైరుకు చేరదు, మీ జేబును మాత్రం ఖాళీ చేస్తుంది.

మట్టి పరీక్ష ఫలితాన్ని కూడా గుడ్డిగా నమ్మమని నేను చెప్పను. మా మాటనైనా, దుకాణదారు మాటనైనా, కంపెనీ ప్రకటననైనా పరీక్షించే సాధనం మీ చేతిలోనే ఉన్నది. పొలం అంతా ఒకే తీరుగా ఉన్నచోట, గట్టు నీడ లేకుండా, రెండు సెంట్ల స్థలాన్ని నాలుగు మూలలా కర్రలు పాతి గుర్తుపెట్టండి. నత్రజని, పొటాష్, నీరు, మందులు అన్నీ మిగతా పొలానికి మల్లే ఇవ్వండి. భాస్వరం మాత్రం వేయకండి. మాగాణి అయితే చుట్టూ చిన్న గట్టు వేసి, పక్క మడి నీరు అందులోకి పారకుండా చూడండి. దానికి ఆనుకొని, భాస్వరం వేసిన రెండు సెంట్ల స్థలాన్ని కూడా గుర్తుపెట్టండి. కోతనాడు రెండింటినీ విడివిడిగా కోసి, నూర్చి, ఆరబెట్టి, తూచండి. ఆ అంకెను గోడమీద బొగ్గుతోనైనా రాసిపెట్టండి. ఒక్క ఏటి ఫలితంతో తొందరపడక, రెండు మూడు పంటలు చూడండి.

క్రిందటి సంవత్సరం ఒక గ్రామ సభలో ఈ మాట చెప్పగా, ఒక పెద్దాయన లేచి ఇలా అన్నారు: "ఏమయ్యా, రెండు సెంట్లలో పంట తగ్గితే ఆ నష్టం ఎవరిస్తారు?" న్యాయమైన ప్రశ్నే. ఎకరాకు 25 బస్తాలు పండే భూమిలో రెండు సెంట్ల పంట మొత్తం అరబస్తా. అందులో నాలుగోవంతు తగ్గినా కొన్ని కిలోల ధాన్యమే. ఆ కొన్ని కిలోలు, మీ పొలమంతటికి ఎరువు ఎంత కావలెనో చెప్పే గురువుకు ఇచ్చే దక్షిణ. పంట తగ్గకపోతే, ఆ మడి మీకు కొన్ని బస్తాల ఎరువు సొమ్ము మిగిల్చినట్లే.

లాస్ ఈ దక్షిణను బ్రతికినన్నాళ్ళూ చెల్లించారు. పోయిన తరువాతకూడా చెల్లింపు ఆగకుండా లక్ష పౌండ్లు పెట్టి వెళ్ళారు. తన సరకు మీద తనకు నమ్మకం లేక కాదు, నమ్మకానికి తూకం తోడుండాలని. మీ పొలంలో వచ్చే ఖరీఫ్‌లో అటువంటి మడి ఒకటి ఉంచండి. పంట తూచిననాడు ఆ కాగితం తీసుకొని మీ మండల వ్యవసాయాధికారి వద్దకు రండి. మేము చెప్పిన మోతాదు మీ నేలకు సరిపడలేదని ఆ కాగితం చెప్పినా సరే, దాని ముందు మేము తల వంచి వింటాము.